మఱ్ఱిక్రింది విడిది

జాతర యనగానే జనసమ్మర్దము కన్నులకు గట్టును. అంగళ్ల వరుసలు, రంగులరాట్నములు, పిల్లల బూరల మ్రోత, గుడి గడప కడ త్రోపులాట, ఇంతవఱకే జాతర యని పట్టణవాసులు తలంతురు. ఉదయమున బస్సెక్కి పోయి మాపటికి ఇల్లు చేరువారికి అంతకంటె కనబడుట కష్టము. పూర్వుల జాతర ఇట్టిది కాదు. అందు దేవుని దర్శించు గడియ యొక్కటి. ఆ గడియకై చెట్టుక్రింద గడపు దినములు నాలుగైదు. బండి విప్పుట, ఎడ్లకు నీరు పెట్టుట, మూడు రాళ్లు చేర్చి పొయ్యి వేయుట, ప్రక్కబండి వారి నుండి నిప్పు తెచ్చుకొనుట, వారికి చారెడు ఉప్పు ఇచ్చుట, రాత్రి చలిమంట చుట్టు చేరి ముచ్చటలాడుట, ఇదియంతయు విడిది. విడిది యున్నదే జాతర. అది లేనిచో మిగులునది సంత.

2016వ సంవత్సరమున పలు జిల్లాలుగా విడిపోయిన పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలకు ఈ విడిదితో తరతరాల పరిచయము. రెండేండ్లకొకమాఱు మాఘ పౌర్ణమికి మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు ఇచ్చటి రైతులు గూడుబండ్లు కట్టుకొని, బియ్యపు మూటలు, వంటచెఱకు, గడ్డిమోపులు వేసికొని, అడవిదారిని దినములకొలది ప్రయాణము చేయుచుండెడివారు. సమ్మక్క కథలోని మేడరాజు కరీంనగరు ప్రాంతపు పొలవాసను ఏలిన దొర యని జనశ్రుతి. కావున వారికి ఆ ప్రయాణము చుట్టఱికపు ప్రయాణము వంటిది. ఇప్పుడు అడవిలో తారుబాట పడినది. గూడుబండ్ల స్థానమున ట్రాక్టరులు, ఆటోలు, అన్నిటికంటె మిక్కుటముగా మోటారు సైకిళ్లు వచ్చినవి. మిత్రులు ఇద్దఱు ముగ్గురొక వాహనముపై నెక్కి, దుప్పటి చుట్ట వెనుక కట్టుకొని, కోడికూతకు ముందే బయలుదేరుచున్నారు. మునుపు మూడునాళ్లు పట్టిన దారి నేడు మూడు నాలుగు గంటలలో తఱుగుచున్నది.

ఇందు వగవవలసినదేమియు లేదు. వృద్ధులకు, బాలింతలకు, రోగులకు వాహనము చేసిన మేలు ఇంతింతనరాదు. కాని యొక ప్రశ్న మాత్రము మిగిలియున్నది. అడుగులకు బదులు చక్రములు వచ్చినపుడు విడిది చెడునా? చెడనిచో, దానిని నిలుపుచున్నదేది?

ఈ ప్రశ్న తెలుగునాటికి మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికా దేశమున దక్షిణ డకోటా రాష్ట్రమందు స్టర్జిస్ అను చిన్న పట్టణము గలదు. దాని జనసంఖ్య ఏడువేలకు అటునిటు. 1938వ సంవత్సరమున అచ్చటి మోటారు సైకిలు సంఘమువారు కొద్దిమంది పందెగాండ్రతో ఒక వేడుక నడపిరి. అదియే క్రమముగా పెరిగి, నేడు ప్రతి వేసవిలోను ఆగస్టు నెలయందు లక్షలమంది మోటారు సైకిళ్లపై వచ్చు మేళాగా మాఱినది. మిత్రులు గుంపులు గుంపులుగా వత్తురు. ఊరి చుట్టునున్న బయళ్లలో గుడారములు వేసికొందురు. ఏటేట అదే చోట, అదే మిత్రులతో, అదే చలువనీడన వారము దినములు గడపుటయే వారిలో పలువురకు మేళా యొక్క సారము. వాహనము వేఱు, దేశము వేఱు, వేడుక వేఱు; విడిదిపై మక్కువ మాత్రము మన గూడుబండ్ల వారిదే.

ఆ స్టర్జిస్‌కు చేరువనే బేర్ బ్యూట్ అను కొండ యొకటి గలదు. లకోటా, షెయెన్ మొదలగు ఆదివాసి జాతులకది పరమ పవిత్రము. ఉపవాసముండి, మౌనము వహించి, ప్రార్థన చేసికొనుటకు వారా కొండ యెక్కుదురు. మేళా విస్తరించి, దాని సందడి కొండ దాపునకు వచ్చినపుడు ఆ జాతులవారు అభ్యంతరము తెలిపిరి. ఒకే నేలపై రెండు తెఱగుల విడుదులు ఎదురుపడినవి. ఒకటి సెలవులు గడపుటకు వచ్చినవారిది. రెండవది తామెవరో మఱల తెలిసికొనుటకు వచ్చినవారిది. ఈ రెండవ విడిది యెట్టిదో తెలుగునాట చూడగోరువారు పుష్యమాసమున ఆదిలాబాదు దారి పట్టవలెను.

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమున కేస్లాపూరు అను గ్రామము గలదు. ఉట్నూరు ప్రాంతపు ఎత్తునేలపై, టేకు అడవుల నడుమ, పత్తిచేలు జొన్నచేలు గల సీమయది. పుష్యమాసమున తెలంగాణములోకెల్ల మిక్కిలి చలిపడు చోట్లలో నిది యొకటి. ఇచ్చట పుష్య బహుళ అమావాస్యనాటి రాత్రి రాజగోండులలోని మెస్రం వంశమువారు తమ కులదైవమగు నాగోబాకు మహాపూజ చేయుదురు. నాగోబా యనగా నాగదేవుడు. తెలంగాణము నుండియే గాక మహారాష్ట్రము, ఛత్తీస్‌గఢ్ మొదలగు రాష్ట్రముల నుండియు గోండులు వత్తురు. తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా జరుపుచున్నది.

నాగోబాను గూర్చి వాడుకలో కథలు పెక్కు గలవు. అందొక కథ ఇట్లు చెప్పును. మెస్రం వంశపు రాణి కడుపున నాగేంద్రుడు సర్పరూపమున పుట్టెను. రాణి తన తమ్ముని కూతురగు గౌరిని ఆ సర్పమునకిచ్చి పెండ్లి చేసెను. అత్త యానతి మేఱకు గౌరి భర్తను బుట్టలో నుంచుకొని, తలకెత్తుకొని, గోదావరి స్నానమునకు నడచెను. దారిలో ఒకచోట పాము ఉడుమై కనబడెనట. ఆ యూరు ఉడుంపూరు. గోదావరికి ఆవలి యొడ్డున, కరీంనగరు సీమలోని ధర్మపురి కడ, ఆతడు మనుష్యరూపము దాల్చెను. పేరుప్రతిష్ఠలు కావలెనా, ఆచారము కావలెనా యని భార్య నడిగెను. ఆమె పేరుప్రతిష్ఠలనే కోరెను. అంతట నాతడు మఱల సర్పమై మఱలిపోగా, గౌరి గోదావరిలో కలసిపోయెను. కథ చిన్నది, కాని రెండు జిల్లాల నేలను, నడుమనున్న నదిని ఒక్క నడకతో కుట్టివేసినది. పేరుకంటె ఆచారము గొప్పదను మాటను నీతివాక్యముగ గాక ఒక స్త్రీ కన్నీటిగ చెప్పినది.

ఆ గౌరి నడచిన గోదావరికే మెస్రం వంశమువారు నేటికిని ఏటేట నడచి పోవుదురు. పుష్యమాసమున నెలవంక కనబడిన పిమ్మట పెద్దలు ఎడ్లబండి కట్టుకొని, పూజారియగు కటోడాను, వంశగాయకుడగు పర్ధానును వెంటబెట్టుకొని, ఊరూర తిరిగి పండుగ కబురు చెప్పుదురు. ఆ తిరుగుటలోనే సిరికొండ యందలి కుమ్మరి కడకు పోయి పూజకు వలయు కుండలు చేయుమని యడుగుదురు. ఈ యొప్పందమునకు కాగితము లేదు, తరములే సాక్ష్యము. గోండుల దేవుని పూజకు తెలుగు కుమ్మరి చేతికుండ తప్పనిసరి యగుట గమనింపదగిన విషయము. అడవి వేఱు, ఊరు వేఱు అని గీతలు గీయువారు ఈ కుండను చూడవలెను.

అటుపిమ్మట తెల్లని వస్త్రములు ధరించి, కాళ్లకు చెప్పులు లేక, గోదావరి జలమునకై నడక మొదలగును. వారు పోవునది నేటి మంచిర్యాల జిల్లా జన్నారం మండలమున కలమడుగు దాపుననున్న హస్తినమడుగు. రానుపోను వంద కిలోమీటర్లకు మించిన దారి. పగలెల్ల నడక, రాత్రి యొక యూర మకాము. ఏ యూర ఆగవలెనో, ఏ చెట్టుక్రింద వండుకొనవలెనో ముందే నిర్ణయమై యుండును. ఆ యూరివారు ఎదురువచ్చి ఆదరింతురు. గోదావరి చేరి, పూజ చేసి, ఝరి యను కలశమున నీరు నింపి, దానికి తెల్లని గుడ్డ చుట్టి, మఱల కాలినడకనే తిరుగుదురు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూరు చేరి, గుడిలోనికి పోక, ఊరి దాపుననున్న మఱ్ఱిచెట్ల క్రింద దిగుదురు.

ఇచ్చటనే విడిది. అమావాస్య వచ్చువఱకు గంగాజలముతో పాటు వంశమంతయు ఈ మఱ్ఱినీడనే యుండును. ఊరూరి నుండి మెస్రం కుటుంబములు వచ్చి కలసికొనును. ఎడ్లబండ్లపై వచ్చువారు నేటికిని గలరు. ట్రాక్టరు తొట్టెలలో పిల్లాపాపలతో వచ్చువారు, బస్సు దిగి నడచి వచ్చువారు, మోటారు సైకిళ్లపై వచ్చు యువకులు ఇతరులు. పుష్యమాసపు చలిలో తెల్లవాఱుజామున లేచి చూచినచో మఱ్ఱిక్రింద పొగమంచు, పొయ్యిల పొగ కలసి నేలకు వ్రాలియుండును. ముదుసలులు దుప్పటులు కప్పుకొని నిప్పు కడ కూర్చుందురు. ఎద్దుల మెడగంటలు, పర్ధానుల కిక్రి మీటు, జొన్నరొట్టెలు చఱచు చప్పుడు, ఇవి యొకదానితో నొకటి కలసి వినబడును.

ఈ విడిదిలో వంట పద్ధతి ప్రత్యేకముగ చెప్పుకొనదగినది. మెస్రం వంశము 22 కితలుగా, అనగా శాఖలుగా, ఉన్నది. వేలమంది వచ్చినను వంటకు పొయ్యిలు 22 మాత్రమే. ప్రతి కుటుంబమును తన శాఖ పొయ్యి కడకే రావలెను, అందే వండుకొనవలెను. ఎవరికి వారు మూల మూలలకు పోయి పొయ్యి వేసికొనుట లేదు. పొలము గలవాడు, లేనివాడు, ఉద్యోగి, కూలి, అందఱును అదే మంటకు కాచుకొని యుందురు. తన వంతు వచ్చువఱకు నిలిచియుండు ఆ సమయములోనే మాటలు పుట్టును. ఎవరింట పెండ్లి, ఎవరికి పట్టా రాలేదు, ఎవరి పిల్లవాడు ఏ తరగతి చదువుచున్నాడు, ఏ చేను ఏ వడ్డీకి పోయినది, అన్నియు అచ్చటనే తెలియును. పొయ్యిలు పెంచినచో వంట త్వరగ ముగియును. కాని యీ మాటలు పుట్టవు. పొయ్యిల సంఖ్యను కట్టడి చేసిన పెద్దల ఉద్దేశమేదైనను, ఫలము మాత్రమిది.

అమావాస్యనాడు మఱ్ఱిచెట్ల నుండి ఊరేగింపుగా గుడికి చేరుదురు. వంశపు ఆడపడుచులు కొత్తకుండలలో నీరు తెత్తురు. అల్లుండ్రును వారును కలసి పుట్టమన్ను తడిపి సిద్ధము చేయుదురు. పెండ్లియై వెడలిన కూతుండ్రకు, వారి భర్తలకు, పుట్టింటి పూజలో పని యప్పగింపబడుట గమనింపవలెను. అర్ధరాత్రి వేళ గోదావరి జలముతో నాగోబాకు అభిషేకము జరుగును. తుడుము మ్రోగును. అంతవఱకు ఓపికతో వేచియున్న వేలజనము అప్పుడు దర్శనమునకు కదలును.

అదే రాత్రి, మహాపూజ పిమ్మట, భేటింగు అను ఆచారము జరుగును. భేటి యనగా కలయిక. ఆ యేడు వంశములోనికి వచ్చిన కొత్త కోడండ్రు తెల్లచీరలు కట్టి, మేలిముసుగు వేసికొని, పెద్దముత్తైదువలు వెంటరాగా దైవము ముందునకు వత్తురు. నాగోబాకు మ్రొక్కి, వంశపు పెద్దల పాదములకు నమస్కరించి, వారి యాశీస్సులు పొందుదురు. పెండ్లి యెన్నడో జరిగియుండవచ్చును. కాని భేటి కానిదే కోడలు నాగోబా పూజకు అర్హురాలు కాదు. వంశమున ఆమె సంపూర్ణముగ చేరుట ఈ రాత్రియే. పరాయి యింటి పిల్లను తమదానిగ చేసికొనుటకు వారెన్నుకొన్న చోటు ఏ యింటి గడపయు కాదు. వంశమంతయు కూడియున్న విడిది.

ఇట్టి విడిది ఒక పాఠశాల యని చెప్పుట అతిశయోక్తి కాదు. గోండుల పురాణము తాటియాకులలో పుట్టినది కాదు; అది పర్ధానుల కంఠమున నిలిచినది. కిక్రి వాయించుచు, వంశములెట్లు ఏర్పడినవో, దేవతలెట్లు వచ్చిరో, ఏ శాఖకు ఏ శాఖతో వియ్యము కూడునో వారు పాడి చెప్పుదురు. వినుటకు జనము కూడనిచో పాడువానికి పాట యుండదు. జనము కూడుటకు తీఱిక కావలెను. ఆ తీఱికను ఇచ్చునది విడిది. ఒక్క పూటకు వచ్చి పోవువానికి దైవదర్శనము లభించును. ఈ విద్య లభింపదు.

ప్రభుత్వమునకు కూడ ఈ విడిది విలువ ఒకప్పుడు తెలిసివచ్చినది. నిజాము కాలమున అడవికి హద్దులు వేసి, పోడు చేసికొను గోండులను వెడలగొట్టి, పశువుల మేతకు పన్ను విధించి పీడించుటచే జోడేఘాటు కొండలలో కుమ్రం భీము తిరుగబడెను. 1940వ సంవత్సరమున పోలీసు కాల్పులలో ఆతడు అమరుడయ్యెను. పిమ్మట ఆ యశాంతికి కారణములు తెలిసికొనుటకు ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను నియోగించెను. ఆతడు 1909లో వియన్నా నగరమున పుట్టినవాడు. భార్య బెట్టీతో కూడ మార్లవాయి యను గోండు పల్లెలో కాపురముండి, వారి భాష నేర్చి, ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లో గ్రంథము ప్రకటించెను.

కొండలలో చెదరియున్న వందల పల్లెలకు అధికారులు పోజాలరు; పల్లెలవారు కచ్చేరీకి రాజాలరు, వచ్చినను వారి గోండు మాట అచ్చట వినువారు లేరు. ఏటికొకమాఱు వారందఱును తమంతట తామే కూడు చోటు కేస్లాపూరు. కావున అధికారులనే అచ్చటకు రప్పించి, మొఱలు వినునట్లు చేయు దర్బారును 1940వ దశకమున హైమెన్‌డార్ఫ్ ఏర్పఱచెను. కలెక్టరు మొదలగు అధికారులు వచ్చి కూర్చుండు ఆ దర్బారు నాగోబా జాతరలో భాగమై నేటికిని జరుగుచున్నది.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు సంగతి మఱియొకటి గలదు. 1943లో మార్లవాయి యందే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము తెఱువబడెను. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారైనవి. పిల్లవాని చదువు పిల్లవాని భాషలో మొదలుకావలెనను సూత్రము నేడు మహాసభలలో చర్చింపబడుచున్నది. ఆ పల్లెలో నాడే ఆచరింపబడెను. 1987లో హైదరాబాదున మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే యున్నది.

కూడిన జనమును చూచి వినవలెనని తోచిన పాలకులు కలరు, వెఱచినవారును కలరు. కేస్లాపూరునకు అయిదారు కిలోమీటర్ల దూరముననున్న ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20వ తేదీన, సంతరోజున, భూమి సమస్యలు చెప్పుకొనుటకు గిరిజన రైతుకూలీలు సభకై వచ్చిరి. సభకు అనుమతి నిరాకరింపబడెను. ఆ వార్త అడవిలోని పల్లెలన్నిటికి చేరియుండలేదు. ఎండలో నడచి వచ్చిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వ లెక్క ప్రకారము మృతులు 13 మంది. అంతకు ఎన్నో రెట్లు మరణించిరని ప్రజాసంఘముల వాదము. ఇంద్రవెల్లిలోని ఎఱ్ఱని అమరవీరుల స్తూపము దానికి గుర్తు. గంగాజలముతో వచ్చువారు పూజ కాగు యూరు ఇదియే. పుష్యమాసమున అధికారులు వచ్చి మొఱలు వినెడి జనమును, ఆ వేసవిలో మొఱ చెప్పవచ్చి తూటాలు తిన్న జనమును వేఱు జనము కాదు. ఈ రెండు కూడికలను కలిపి తలంచినగాని కేస్లాపూరు దర్బారులో చేతులు కట్టుకొని నిలుచు ముదుసలి మౌనమునకు అర్థము తెలియదు.

ఇక మొదటి ప్రశ్న. చక్రములు విడిదిని చెఱచినవా? మెస్రం పెద్దలు ఈ ప్రశ్నను ఉపన్యాసములతో గాక ఆచరణతో తీర్చికొనిరి. రహదారి పడినది గనుక ఝరిని జీపులో తెత్తమని వారనలేదు. జలము నేటికిని కాలినడకనే వచ్చుచున్నది. అట్లని తక్కినవారు కూడ నడచియే రావలెనని శాసింపలేదు. హైదరాబాదున, మంచిర్యాలలో పనులు చేసికొనువారు, సెలవు దొరకని ఉద్యోగులు, చదువుకొను పిల్లలు ఏ వాహనముపైనైన రావచ్చును. నడక నీటికి, వాహనము మనుజులకు. వచ్చినవాడు మాత్రము తన శాఖ పొయ్యి కడ కూర్చుండవలెను. కోసిన చేలలో వరుసలుగ నిలిచిన మోటారు సైకిళ్లు ఆ మఱ్ఱినీడకు కీడు చేయలేదు. వాహనములు విడిది వెలుపల నిలిచినవి. నియమము లోపల నిలిచినది.

2022వ సంవత్సరమున నాగోబాకు కొత్త రాతిగుడి పూర్తియైనది. దానికి వలసిన కోట్ల రూపాయలను మెస్రం వంశమువారు తమలో తాము చందాలు వేసికొని కూర్చుకొనిరి. వారిలో పెక్కుమంది వానపై ఆధారపడిన చిన్నకమతముల రైతులని మఱువరాదు. 22 పొయ్యిల కడ ఏటేట కూర్చుండు అలవాటు లేని జనమునకు ఇట్టి కార్యము సాధ్యము కాదు.

అయినను అపాయము లేకపోలేదు. అది మోటారు సైకిలులో లేదు, తొందరలో నున్నది. రాత్రి పదిగంటలకు వచ్చి, పూజ చూచి, కొన్ని ఛాయాచిత్రములు తీసికొని, తెల్లవాఱకముందే మఱలిపోవు యువకునికి తన పొయ్యి ఏదో తెలియదు. గోండీ ఇంట వినబడుట తగ్గిన పిల్లవానికి పర్ధాను పాట సంగీతము మాత్రమే యగును. ఏడాదికొక్క పదిదినములు కూడ అచ్చట గడపని తరము వచ్చినచో, జాతర పెరుగవచ్చును; విడిది మాత్రము తఱుగును. అంగళ్లు పెరిగి, దీపములు పెరిగి, జనము పెరిగిన జాతరలలో విడిది మాయమైన యుదాహరణములు మైదాన ప్రాంతమున కావలసినన్ని గలవు.

తెలుగు పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థులను విహారయాత్రలకు కొనిపోవుచుందురు. వారు ఒకమాఱు కేస్లాపూరు దిక్కునకు పోవుట మేలు. కాని చూచిన చాలదు, చూచు పద్ధతి నేర్పవలెను. మఱ్ఱిచెట్ల క్రిందికి పోవునపుడు పెద్దల యనుమతి యడుగవలెను. కోడండ్ర భేటి వంశమువారి సొంత ఘట్టము. అందు దూరి ఛాయాచిత్రములకై త్రోసికొనరాదు. తలవంచి దూరముననే నిలువవలెను. పిల్లలు తమ యూరి వృద్ధులను కూడ అడిగి తెలిసికొనవచ్చును. మేడారమునకు బండి కట్టిన దినములలో ఎచ్చట నీరు త్రాగిరి, ఎచ్చట వండుకొనిరి, ఏ యూరివారితో నిప్పు పంచుకొనిరి? ఆ మకాముల పేర్లు ఏ పుస్తకమందును లేవు. అడుగకున్నచో ముదుసలులతో పాటు పోవును. మంచి వ్యాసమునకు ఇంతకు మించిన విషయమేది?

మహాపూజ ముగిసిన పిమ్మట బేతాళ పూజ, మండగాజిలి పూజ జరుగును. దర్బారు ముగియును. అధికారుల వాహనములు దుమ్ము రేపుచు పోవును. అంగళ్లవారు గుడ్డలు విప్పి చుట్టుకొందురు. మెస్రం పెద్దలు మాత్రము ఇండ్లకు పోవుటకు తొందరపడరు. ఉట్నూరు మండలమందలి శ్యాంపూరులో బుడుందేవు జాతర వెంటనే రావలసియున్నది. మఱ్ఱిక్రింద పొయ్యిలు చల్లారును. బండ్లకు ఎడ్లు కట్టబడును. యువకులు కొందఱు మోటారు సైకిళ్లు త్రోసికొనుచు బండ్ల వెంట నడతురు. శ్యాంపూరులో దిగిన పిమ్మట మఱల ఎవరి పొయ్యి ఎచ్చటనో చూచుకొనవలసి యుండును.